మిగిలిన ఊలు ఉండలతో చారల లేస్ సాక్సులు

సాక్సులకి వాడే సన్న ఊలు మామూలుగా 100 గ్రాముల ఉండగా వస్తుంది, దాంట్లో ఇంచుమించు 400 మీటర్ల దారం ఉంటుంది. ఆడవాళ్ళ పాదం కొలతకి ఒక జత అల్లితే 60 గ్రాములు అటూ ఇటూ ఖర్చవుతుంది. మిగిలినది ఇంకో జతకి చాలదు, అలాగని పారేయడానికి చేతులు రావు, బిస్కెట్ డబ్బాలోకి వెళ్తుంది. కొన్నేళ్ళుగా సాక్సులు అల్లుతున్నవాళ్ళ ఇంట్లో అలాంటి డబ్బా ఒకటి ఉండే తీరుతుంది. నా డబ్బాలో వంగపండు రంగు 22 గ్రాములు, చిలకపచ్చ 9 గ్రాములు, గంధం రంగు 14 గ్రాములు, నెమలికంఠం రంగుది నాలుగు వేళ్ళకి చుట్టిన చిన్న చుట్ట, ఇలా పదకొండు రకాలు పోగయ్యాయి. ఆ చిన్న చుట్టకి కూడా చోటు దొరికే పద్ధతి ఇది. నిట్, పర్ల్ అనే రెండు మూల కుట్లూ వచ్చి, గుండ్రంగా అల్లడం ఒక్కసారైనా చేసినవాళ్ళయితే చాలు, లేస్ కొత్తయినా ఫర్వాలేదు.

మేముండేది స్కాట్లాండ్‌లో, ఇక్కడికి ఉత్తరాన షెట్లాండ్ దీవులున్నాయి. అందులో అన్‌స్ట్ అనే దీవి లేస్ శాలువాలకి పేరు, పెళ్ళి ఉంగరంలోంచి మొత్తం శాలువా దూరిపోయేంత పలచగా అల్లేవాళ్ళు. వాటి సంగతి వేరు. అక్కడి ఆడవాళ్ళు రోజూ భుజాన వేసుకునే మామూలు శాలువాని హ్యాప్ అంటారు. దాని అంచులో అలలు అలలుగా ఒక డిజైన్ ఉంటుంది, పేరు ఓల్డ్ షేల్. గొర్రెల సహజ రంగులే, తెలుపు, బూడిద, గోధుమ, వాటిని చారలు చారలుగా మారుస్తూ ఆ అలలు అల్లేవాళ్ళు. అంటే లేస్‌కీ చారలకీ జత కుదరడం ఈ డిజైన్‌లో ఎప్పటినుంచో ఉన్నదే. మనం అదే తీసుకుని సాక్సులో పెడుతున్నాం.

దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఓల్డ్ షేల్ నాలుగు చుట్లతో పూర్తవుతుంది, అందులో లేస్ పని ఒక్క చుట్టులోనే. నాలుగు చుట్లు ఒక చార, తర్వాత రంగు మార్పు. డిజైన్ లెక్కా, చారల లెక్కా ఒకటే కావడంతో ఎక్కడున్నామో మర్చిపోయే ప్రసక్తి లేదు. పైగా అలల వల్ల చారలు గీత గీసినట్టు కాకుండా వంపులు తిరుగుతాయి, కాబట్టి పక్కపక్కన పెట్టడానికి భయపడే రంగులు కూడా ఇందులో కలిసిపోతాయి. మనకి లేస్ అనగానే నరసాపురం గుర్తొస్తుంది. అది క్రోషే, ఒక్క కొక్కెంతో నూలు దారం మీద చేసే పని, ఇది ఊలుతో సూదుల మీద చేసేది. కానీ ఆ పని చూసి పెరిగినవాళ్ళకి లెక్క తప్పితే పువ్వు తప్పుతుందని వేరే చెప్పక్కర్లేదు, ఇక్కడా అంతే.

ముందు ఊలు సర్దుకోవడం

వంటింటి త్రాసు తెచ్చుకోండి. ప్రతి ఉండనీ తూచి, వెంటనే రెండు సమానమైన చుట్టలు చేయండి, ఎడమ సాక్సుకి ఒకటి, కుడిదానికి ఒకటి. ఈ పని వాయిదా వేయొద్దు. మా నాన్నగారు చలికాలంలో మా ఇంటికొస్తున్నారని నేను అల్లిన మొదటి చారల జతలో ఇది చేయలేదు, ఉన్న ఉండతో మొదలుపెట్టేశాను. రెండో సాక్సు పాదం సగంలో ఉండగా మిరపపండు ఎరుపు అయిపోయింది. ఆ రంగు దుకాణంలో మళ్ళీ దొరకలేదు, రెండో సాక్సు మొత్తం విప్పి రంగుల వరస మార్చి అల్లాల్సి వచ్చింది. ఐదు సాయంత్రాల పని పోయింది.

ఎంత దారానికి ఎన్ని చారలు వస్తాయో లెక్క చెప్తాను. 60 కుట్ల సాక్సులో ఒక చుట్టుకి సుమారు 70 సెంటీమీటర్ల దారం పడుతుంది, నాలుగు చుట్ల చారకి 2.8 మీటర్లు, రెండు కొసలకి చెరో 15 సెంటీమీటర్లు వేసుకుంటే 3.1 మీటర్లు. చేతి బిగువు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది కాబట్టి మూడున్నర మీటర్లు అనుకోండి, బరువులో ఒక గ్రాము లోపే. అంటే 7 మీటర్ల ముక్క ఉన్నా జతకి ఒక్కో చార వస్తుంది. నా నెమలికంఠం చుట్ట సరిగ్గా అలాగే రెండు సాక్సుల్లోనూ మడమ పైన ఒక్కో చారగా కూర్చుంది, మొత్తం జతలో అందరి కన్నూ ముందు పడేది దాని మీదే.

పై పట్టీ, మడమ, వేళ్ళ కొస, ఈ మూడూ ఒకే రంగులో అల్లితే ఎన్ని రంగులు కలిపినా సాక్సు ఒక తీరుగా కనిపిస్తుంది. దానికి జతకి 20 గ్రాములు విడిగా తీసి పెట్టుకోండి. మిగిలిన చారలన్నిటికీ కలిపి మరో 40, 45 గ్రాములు కావాలి.

అన్ని దారాలూ ఒకే లావు ఉన్నాయో లేదో చూసుకోవాలి. రెండు దారాలను ఒకదాంట్లో ఒకటి కొక్కెంలా తగిలించి, రెండువైపులా మెలిపెట్టి, ఆ కలిసిన చోట బొటనవేలూ చూపుడువేలూ పెట్టి అటూ ఇటూ జరపండి. వేళ్ళకి మెట్టు తగలకపోతే రెండూ ఒకే లావు. తగిలితే ఆ లావుదాన్ని పక్కన పెట్టేయండి, అది ఒక్క చార కూడా పాదం కింద గుచ్చుకుంటూ ఉంటుంది. ఇంకోటి, ఊలు 75 శాతం, నైలాన్ 25 శాతం కలిసినవి సాక్సులకి బాగా ఆగుతాయి. ఉత్తి ఊలు ముక్కలుంటే కాలి పైభాగం చారల్లో వాడండి, మడమలోనూ వేళ్ళ దగ్గరా వద్దు.

ముదురు రంగులు, ముఖ్యంగా ఎరుపూ నీలమూ, తడిపి తెల్ల గుడ్డ మీద గట్టిగా ఒత్తి చూడండి. మరక పడితే ఆ దారాన్ని తెలుపు, గంధం రంగుల పక్కన పెట్టొద్దు.

రంగుల వరస తేల్చుకోలేకపోతే ఉండలన్నీ బల్ల మీద వరసగా పెట్టి ఫోన్‌లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌కి మార్చండి. పక్కపక్కనున్న రెండూ ఒకే బూడిదలా కనిపిస్తే అల పోతుంది, కలిసిపోయి ముద్దలా అయిపోతుంది. ముదురు తర్వాత లేత, లేత తర్వాత ముదురు వచ్చేలా జరపండి.

కొలతలు

సూది 2.25 మిల్లీమీటర్లు, సర్క్యులర్ అయితే 80 సెంటీమీటర్లది తీసుకుని మ్యాజిక్ లూప్‌లో (కుట్లను రెండు భాగాలు చేసి, మధ్యలోంచి సూది తీగని ఉచ్చులా బయటికి లాగి చిన్న చుట్టు అల్లే పద్ధతి) అల్లండి, లేదా రెండువైపులా మొనలున్న ఐదు సూదుల సెట్టు. 10 సెంటీమీటర్లకి 32 కుట్లు రావాలి. అలా వస్తే 60 కుట్ల సాక్సు చుట్టుకొలత 19 సెంటీమీటర్లకి కాస్త తక్కువ, అది 21 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న పాదానికి సరిపోతుంది, ఎందుకంటే సాక్సు పాదం కన్నా పది శాతం చిన్నగా ఉంటేనే సాగి పట్టుకుంటుంది. పాదం చుట్టుకొలత 22 అయితే 2.5 సూది, 24, 25 అయితే 72 కుట్లు. 12 కుట్లకి ఒక అల వస్తుంది, కాబట్టి ఎంత మార్చినా కాలి భాగం 12తో భాగించబడాలి.

మన ఊళ్ళలో సులువుగా దొరికే, కాస్త లావుగా ఉండే అక్రిలిక్ ఊలు ముక్కలతో అల్లాలనుకుంటే 3 మిల్లీమీటర్ల సూది, 48 కుట్లు పెట్టుకోండి. అరకు, లంబసింగి చలికి అవి బాగానే పనికొస్తాయి. కానీ నున్నటి టైల్స్ మీద నడిచే పెద్దవాళ్ళకి ఇవ్వొద్దు, జారతాయి, పడుకునేటప్పుడు వేసుకోవడానికైతే సరే.

అల్లకం

పట్టీ రంగుతో 60 కుట్లు వేసుకోండి. ఇది వదులుగా ఉండాలి, మడమ చుట్టూ తిరిగి పాదం దూరాలంటే ఆ అంచు 30 సెంటీమీటర్లకి పైగా సాగాలి. రెండు సూదులు కలిపి పట్టుకుని వాటి మీద కుట్లు వేసుకుని, తర్వాత ఒక సూది లాగేస్తే సరిపోతుంది. మెలి పడకుండా చూసుకుని గుండ్రంగా కలిపి, మొదట్లో ఒక మార్కర్ పెట్టి, 2 నిట్ 2 పర్ల్ చొప్పున 15 చుట్లు. తర్వాత ఒక చుట్టు మొత్తం నిట్. పట్టీ అయినట్టే.

ఇప్పుడు మొదటి చార రంగు కలిపి ఈ నాలుగు చుట్లు:

1వ చుట్టు: అన్నీ నిట్.
2వ చుట్టు: అన్నీ నిట్.
3వ చుట్టు: రెండేసి కలిపి నిట్ రెండుసార్లు, తర్వాత (యార్న్ ఓవర్, అంటే దారాన్ని కుడి సూది మీదుగా ఒకసారి వేసి కొత్త కుట్టు చేయడం, ఆపైన ఒక నిట్) నాలుగుసార్లు, మళ్ళీ రెండేసి కలిపి నిట్ రెండుసార్లు. ఇది 12 కుట్లు, చుట్టూ ఐదుసార్లు వస్తుంది.
4వ చుట్టు: అన్నీ పర్ల్.

మూడో చుట్టులో ఏం జరుగుతోందో ఒకసారి అర్థమైతే కాగితం చూడక్కర్లేదు. ఎనిమిది కుట్లు నాలుగవుతున్నాయి, మధ్యలో ఉన్న నాలుగు ఎనిమిదవుతున్నాయి, మొత్తం మళ్ళీ 12. తగ్గించిన చోట బట్ట కిందికి లాగుతుంది, పెంచిన చోట పైకి ఉబ్బుతుంది, అల అలా పుడుతుంది. నాలుగో చుట్టు పర్ల్ చేసేటప్పుడు ప్రతి 12 కుట్లకీ ఒక మార్కర్ ఉంటే లెక్క అక్కడికక్కడే తేలిపోతుంది. 11 వస్తే ఒక యార్న్ ఓవర్ జారిందన్నమాట, అది ఉండాల్సిన చోట కింది అడ్డ దారాన్ని ఎత్తి సూది మీద వేసుకుని పర్ల్ చేసేయండి, ఏం విప్పక్కర్లేదు. మ్యాజిక్ లూప్‌లో 30, 30గా పంచితే అల మధ్యలో తెగి, యార్న్ ఓవర్ సూది కొస నుంచి జారిపోతుంది. 36, 24గా పంచుకుంటే ప్రతి సూది మీదా పూర్తి అలలే ఉంటాయి.

రంగు మార్చేది ఎప్పుడూ 1వ చుట్టులోనే, అంటే నిట్ చుట్టులోనే. కొత్త రంగుని పర్ల్ చుట్టులో కలిపితే పాత రంగు చుక్కలు చుక్కలుగా పైకి తేలి, చార అంచు మాసినట్టు కనిపిస్తుంది. నిట్‌లో కలిపితే గీత శుభ్రంగా వస్తుంది. మొదలుపెట్టిన కొత్తలో నేను నాలుగో చుట్టులో మార్చేదాన్ని, అంచు ఎందుకలా ఉందో అర్థంకాక ఊలుదే తప్పనుకున్నాను.

గుండ్రంగా అల్లేటప్పుడు చుట్టు మొదలూ చివరా ఒక మెట్టు తేడాతో కలుస్తాయి కాబట్టి చార అక్కడ విరిగినట్టు ఉంటుంది. దాన్ని సరిచేయడం సులువే. కొత్త రంగుతో 1వ చుట్టు పూర్తయ్యాక, 2వ చుట్టు మొదటి కుట్టు దగ్గర ఆగి, ఆ కుట్టుకి కింద కనిపించే పాత రంగు కుట్టు కుడి కాలిని ఎడమ సూది మీదికి ఎత్తుకుని, రెండిటినీ కలిపి ఒక నిట్ చేయండి. మెట్టు పోతుంది.

కొసల సంగతి ఇప్పుడే చెప్పాలి, చివర్లో చెప్తే ఎవరూ వినరు. కాలి భాగంలో 13 చారలు, పాదంలో 15, చారకి రెండు కొసల చొప్పున ఒక్క సాక్సుకి 56 కొసలు. చివరికి వదిలేస్తే ఆ జత ఎప్పటికీ పూర్తి కాదు. రంగు మార్చినప్పుడల్లా 1వ చుట్టు మొదటి పది కుట్లలో, పాత కొసనీ కొత్త కొసనీ వెనకవైపు ఒక కుట్టుకి పైనుంచి, ఒక కుట్టుకి కిందనుంచి పోనిస్తూ అల్లకంలోనే పట్టుకుంటూ పోండి. ఉతికి ఆరాక మిగిలిన తోక కత్తిరిస్తే చాలు. ఉమ్మి తడి చేసి అరచేతుల్లో రుద్ది అతికించే పాత పద్ధతి ఒకటుంది, అది ఉత్తి ఊలుకే పనిచేస్తుంది, మెషీన్‌లో ఉతికే రకానికీ నైలాన్ కలిసినదానికీ అతకదు. ముడులు మాత్రం వేయొద్దు, పాదం కింద ముడి రాయిలా ఉంటుంది.

ఇలా చారలు వేసుకుంటూ పట్టీ కింద నుంచి 12 సెంటీమీటర్లు వెళ్ళండి, 4వ చుట్టుతో ఆపండి.

మడమకి చోటు వదలడం

చారల సాక్సుకి మడమ చివర్లో అల్లడమే మేలు, ఎందుకంటే మధ్యలో మడమ తిప్పితే చారల వరస అక్కడ తెగుతుంది. దారం తెంపి, మొదటి 9 కుట్లు అల్లకుండా ఎడమ సూది నుంచి కుడి సూదికి జరిపి, మార్కర్ అక్కడికి మార్చండి. ఇకనుంచి చుట్టు మొదలు అదే. అక్కడ కొత్త రంగు కలిపి 30 కుట్లు నిట్, ఇవి పాదం పైభాగం. తర్వాతి 30 కుట్లను వేరే పిచ్చి దారంతో, నున్నగా ఉండి బాగా తేడా రంగున్నదైతే మంచిది, నిట్ చేసి, ఆ 30 కుట్లనీ మళ్ళీ ఎడమ సూదికి జరిపి, ఇప్పుడు చార రంగుతో వాటిమీదే నిట్ చేయండి. ఆ పిచ్చి దారం గీతే రేపటి మడమ.

అక్కడినుంచి పాదం. పైభాగం 30 కుట్లలో 3 నిట్, రెండు అలలు, 3 నిట్. కింది 30 కుట్లు ఎప్పుడూ నిట్టే. నాలుగో చుట్టు పర్ల్ కూడా పైభాగంలోనే, అరికాలి కింద గట్లు ఉండకూడదు. (48 కుట్లవాళ్ళకి పైభాగం 24, సరిగ్గా రెండు అలలు, 9 కుట్లు జరపాల్సిన పని కూడా లేదు.)

ఎంత పొడవు? పాదం పొడవులోంచి 1 సెంటీమీటరు తగ్గించి, మడమకి 5, వేళ్ళకి 4 తీసేయండి. పాదం పొడవు 24 అయితే పిచ్చి దారం గీత నుంచి 14 సెంటీమీటర్లు.

వేళ్ళ కొస పట్టీ రంగుతో. పైన 30, కింద 30గా ఉంచుకుని, ప్రతి సగంలోనూ మొదట 1 నిట్, ఎడమకి వాలే తగ్గింపు ఒకటి, చివర మూడు కుట్లు మిగిలేదాకా నిట్, రెండు కలిపి నిట్, 1 నిట్. ఎడమకి వాలే తగ్గింపు అంటే రెండు కుట్లను ఒక్కొక్కటిగా నిట్ చేసేట్టు దూర్చి కుడి సూదికి జరిపి, రెండిటి వెనక కాళ్ళలోంచి కలిపి నిట్ చేయడం. ఇలా ఒక చుట్టు తగ్గిస్తూ, ఒక చుట్టు మామూలుగా అల్లుతూ 32 కుట్లకి రండి, ఆ తర్వాత ప్రతి చుట్టులోనూ తగ్గిస్తూ 16కి. ఎనిమిదీ ఎనిమిదీ రెండు సూదుల మీద ఎదురెదురుగా పెట్టుకుని, 30 సెంటీమీటర్ల తోక వదిలి తెంపి, మొండి మొన సూదికి ఎక్కించి కిచెనర్ కుట్టుతో (రెండు సూదుల మీది కుట్లనీ అతుకు కనపడకుండా కలిపే కుట్టు) మూయండి. మొదలుపెట్టే ముందు ముందు సూది మొదటి కుట్టులో పర్ల్‌లా, వెనక సూది మొదటి కుట్టులో నిట్‌లా ఒకసారి దూర్చి, రెండు కుట్లనీ సూదుల మీదే ఉంచండి. ఆ తర్వాత నేను పైకే చెప్పుకుంటూ చేస్తాను: ముందు సూది, నిట్‌లా దూర్చి తీసెయ్, పర్ల్‌లా దూర్చి ఉంచు, వెనక సూది, పర్ల్‌లా దూర్చి తీసెయ్, నిట్‌లా దూర్చి ఉంచు. మధ్యలో ఫోన్ వస్తే ఎత్తొద్దు.

ఇక మడమ. పిచ్చి దారానికి కింది వరసలో ఉన్న 30 కుట్ల కుడి కాళ్ళను ఒక సూదితో, పై వరసలో 30 కుట్లను ఇంకో సూదితో ఎత్తుకోండి. రెండు సూదులూ పూర్తిగా ఎక్కాకే పిచ్చి దారాన్ని మధ్యలో కత్తిరించి, మొండి సూదితో ఒక్కో కుట్టులోంచీ బయటికి తీయండి. మొదటిసారి చేసేవాళ్ళకి ఇక్కడ టెన్షన్‌గా ఉంటుంది, కుట్లన్నీ సూదుల మీదే ఉన్నాయి కాబట్టి ఏమీ ఊడదు. పట్టీ రంగు కలిపి చుట్టూ అల్లుతూ, రెండు మూలల్లోనూ రెండేసి కుట్లు మెలిపెట్టి ఎత్తుకోండి, ఎత్తుకోకపోతే మూలలో కన్నం మిగులుతుంది. మొత్తం 64. మూడు చుట్లు మామూలుగా నిట్ చేసి, వేళ్ళ కొసకి చేసినట్టే చుట్టు విడిచి చుట్టు తగ్గిస్తూ 24 కుట్లకి వచ్చి, కిచెనర్‌తో మూసేయండి. మడమ ఎత్తు ఎక్కువున్నవాళ్ళకి ఆ మూడు చుట్లని ఐదారు చేయండి, లేకపోతే చీలమండ ముందు బిగుతుగా లాగుతుంది.

లేస్ ఉతికితేనే తెరుచుకుంటుంది, సూది మీంచి దిగినప్పుడు ముడుచుకుని ఉంటే కంగారు పడకండి. గోరువెచ్చని నీళ్ళలో కాస్త షాంపూ వేసి 15, 20 నిమిషాలు నాననిచ్చి, పిండకుండా టవల్‌లో చుట్టి ఒత్తి, అలలు వేళ్ళతో సర్ది నీడలో పరిచి ఆరబెట్టండి. ఆరాక కొసలు కత్తిరించండి.

మడమ ఎప్పటికైనా అరిగిపోతుంది. మా నాన్నగారి జత రెండు చలికాలాలకే మడమ దగ్గర పలచబడింది. అప్పుడు ఆ మడమ ఒక్కటే విప్పి, ఆ 60 కుట్లూ మళ్ళీ ఎత్తుకుని, డబ్బాలో ఉన్న ఇంకో రంగుతో కొత్త మడమ వేశాను, 5 గ్రాములు పట్టింది. అందుకే ఈ జత పూర్తయ్యాక మిగిలిన పట్టీ రంగు ముక్కలు పారేయకుండా, ఒక చిన్న కవర్లో కలరా ఉండతో సహా కట్టి, డబ్బా అడుగున పెట్టుకోండి.